రైఫిలు గొట్టము: ఎన్నిక, పోషణ

గత రెండు సంవత్సరములలో ముగ్గురు తండ్రులు నన్ను ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగినారు. “మా అమ్మాయి రైఫిలు షూటింగు నేర్చుకొనుచున్నది. సొంత రైఫిలు కావలెనని పట్టు పట్టినది. ధర వినగానే గుండె జారినది. కొనునపుడు ఏమి చూడవలెను? కొన్న తరువాత అది ఎంతకాలము మన్నును?” ఈ ప్రశ్న మన ఇండ్లలో ఇంతకుముందు వినబడెడిది కాదు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా 10 మీటర్ల గాలి రైఫిలు పోటీలో స్వర్ణపతకము గెలిచినాడు. 2012లో లండనులో, మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ అదే పోటీలో కాంస్యపతకము తెచ్చినాడు. 2024లో పారిసులో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిలు పోటీలో కాంస్యము గెలిచినాడు. తుపాకి అనగానే వేట జ్ఞాపకము వచ్చు కాలము గడచిపోయినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ ముచ్చట తీరినది. ఇప్పుడు నేను చెప్పబోవునది కాగితపు లక్ష్యమును కొట్టు రైఫిలును గురించియే.

ఆ తండ్రులకు నేను చెప్పిన సమాధానము ఒక్కటే: మొదట గొట్టమును చూడుడు. చెక్క బాగులేనిచో మార్చుకొనవచ్చును. గురిచూపు పరికరమును మార్చుకొనవచ్చును. మీట బరువును సరిచేయించుకొనవచ్చును. గొట్టము చెడినచో మిగిలినవన్నియు ఎంత మంచివైనను ప్రయోజనము లేదు. ఇంకొక విచిత్రము కూడ కలదు. కాల్చి కాల్చి అరగిపోయిన గొట్టములకంటె, ప్రేమతో తుడిచి తుడిచి పాడుచేసిన గొట్టములనే నేను ఎక్కువగా చూచితిని.

చాలకాలము క్రిందట నేనొక కళాశాలలో ఎన్.సి.సి. విద్యార్థులకు .22 రైఫిలు కాల్చుట నేర్పుచుంటిని. మాయొద్ద నాలుగు రైఫిళ్లుండెడివి. వానిలో మూడవదానితో ఒక అమ్మాయి కాల్చుచుండెడిది. మొదటి సంవత్సరము ఆమె కాల్చిన గుండ్లు రూపాయి బిళ్ల వెడల్పులో పడెడివి. రెండవ సంవత్సరము అవియే అరచేయి వెడల్పున చెదర నారంభించినవి. ఊపిరి నిలుపుట లేదంటిని. మీటను గుంజుచున్నావంటిని. చదువు మీద ధ్యాస ఎక్కువై గురి తప్పుచున్నదని కూడ అంటిని. శిబిరమునకు ఎన్నిక చేసిన పట్టికలో ఆమె పేరు లేకపోయినది. ఆమె ఒక్కమాట మాత్రము అన్నది: “మాస్టారూ, నా చెయ్యి మారలేదండీ.” ఆ మాటను ఆనాడు నేను వినిపించుకొనలేదు. మిగిలిన కథ తరువాత చెప్పెదను.

రైఫిలునకు ఆ పేరు వచ్చినది గొట్టము లోపలనున్న గాడులవలననే. పొలములో చాళ్లు, చాళ్ల నడుమ గట్లు ఉన్నట్లు, గొట్టము లోపలి గోడపై గాడులు, వాని నడుమ గట్లు మరచుట్టుగా సాగిపోవుచుండును. గుండు గొట్టము కంటె వెంట్రుకవాసి లావుగా ఉండును. వెనుకనుండి మందు తరిమినపుడు అది గట్లమీద ఒరసికొని, ఆ మరచుట్టునే అనుసరించుచు గిరగిర తిరుగుచు బయటపడును. బొంగరము తిరుగుచున్నంతసేపు నిలుచును, తిరుగుడు తగ్గగానే తూలును కదా! పొడుగాటి గుండు కూడ అంతే. తిరుగనిచో గాలిలో పిల్లిమొగ్గలు వేయును. .22 రైఫిలు గుండు సెకనుకు దాదాపు 330 మీటర్ల వేగముతో పోవును. దాని గొట్టములో 16 అంగుళములకు ఒక చుట్టు ఉండును. లెక్కవేసి చూచినచో ఆ గుండు సెకనుకు సుమారు ఎనిమిది వందల సార్లు తిరుగుచు పోవుచున్నదన్నమాట.

ఈ 16 అంగుళముల లెక్క ఎవరో ఊరక పెట్టినది కాదు. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలులో మూడు గాడులు మాత్రమే ఉండెడివి. 78 అంగుళములకు ఒక చుట్టు. గొట్టము పొడవు 39 అంగుళములు గనుక గుండు బయటకు వచ్చులోపల సగము చుట్టు మాత్రమే తిరిగెడిది. (1857లో మీరటు మొదలు దేశమంతట మంట రేపిన కొవ్వు తూటాలు ఈ గాడుల గొట్టము కొరకు తెచ్చినవే.) అదే దశాబ్దిలో జోసెఫ్ విట్‌వర్తు అను ఇంగ్లీషు ఇంజనీరు, సన్నని గొట్టములో 20 అంగుళములకు ఒక చుట్టు పెట్టి, పొడుగాటి గుండును వాడి చూపినాడు. 1860లో వింబుల్డనులో పోటీలు ప్రారంభించునపుడు విక్టోరియా రాణి దారము లాగి కాల్చిన మొదటి రైఫిలు అతనిదే. బల్లకు బిగించిన ఆ తుపాకి గుండు 400 గజముల దూరమున లక్ష్యము నడిబొడ్డునకు అంగుళమున్నర లోపుననే తగిలినది. తరువాత 1879లో ఆల్ఫ్రెడ్ గ్రీన్‌హిల్ అను గణితశాస్త్రవేత్త ఒక సులువైన సూత్రము చెప్పినాడు. గుండు వ్యాసమును వ్యాసముతోనే గుణించి, దానిని 150తో గుణించి, గుండు పొడవుతో భాగింపవలెను. వచ్చినదే ఒక చుట్టునకు కావలసిన దూరము. .22 గుండు పొడవు అర అంగుళమునకు కొంచెము తక్కువ. ఈ సూత్రములో పెట్టి చూడుడు, 16కు దగ్గరలోనే వచ్చును. కావున గొట్టము కొనునపుడు అడుగవలసిన మొదటి ప్రశ్న, “ఎన్ని అంగుళములకు ఒక చుట్టు?” అనునది. గుండు ఎంత పొడవైనదో చుట్టు అంత బిగువుగా ఉండవలెను. ఎక్కువ బిగువు ఎక్కువ మేలు అనుకొనుట పొరపాటు. గుండు తయారీలోని చిన్న లోపములను మితిమీరిన తిరుగుడు పెద్దవి చేయును.

మన్నిక సంగతికి వత్తము. గొట్టమును ప్రధానముగా అరగదీయునది గుండు ఒరపిడి కాదు, మందు మంట. దీనిని బ్రిటిషు సైన్యము డబ్బు పోసి నేర్చుకొన్నది. 1888లో వారు లీ-మెట్‌ఫోర్డు అను .303 రైఫిలును ప్రవేశపెట్టినారు. దానిలో ఏడు గాడులు, లోతు తక్కువ, అంచులు గుండ్రన. నల్లమందు మసి పేరుకొనకుండ, తుడుచుటకు తేలికగా ఉండునట్లు ఎంతో తెలివిగా చేసిన పని అది. అంతలో కార్డైటు అను పొగలేని మందు వచ్చినది. అది నల్లమందు కంటె మిక్కిలి వేడిగా మండును. ఆ లోతులేని గాడులు మంటకు ఆగలేక కొద్దికాలములోనే నున్నబడిపోయినవి. 1895లో ఎన్‌ఫీల్డు కర్మాగారము వారు అదే తుపాకికి అయిదు లోతైన, అంచు తేలిన గాడులు పెట్టినారు. లీ-ఎన్‌ఫీల్డు పుట్టుక అట్టిది. దానిని తరువాత మన బెంగాలులోని ఇషాపూరు కర్మాగారములో కూడ చేసినారు. రెండు ప్రపంచ యుద్ధములలో మన జవానుల భుజమున ఉన్నది ఆ గొట్టమే.

మంట మొదట కాల్చునది తూటా గదికి సరిగా ముందున్న చోటును. మిస్త్రీలు దానిని గొంతు అందురు. వేడికి వ్యాకోచించి, వెంటనే చల్లారి, మరల వేడెక్కుటవలన అచ్చటి ఉక్కుపైన ఎండిన చెరువు మట్టివలె సన్నని బీటలు పడును. బీటల అంచులు విరిగి గుండుతోపాటు కొట్టుకొనిపోవును. అందుచేత మందు ఎక్కువ, గొట్టము సన్నము అయిన తుపాకులు త్వరగా ముసలివగును. పోటీకి పనికివచ్చునంతటి ఖచ్చితత్వము, వేడిగా కాల్చు కొన్ని రకములలో వేయి పైచిలుకు గుండ్లతోనే సడలును. .308 వంటి నెమ్మది తూటాతో సాధారణముగా అయిదు వేల వరకు వచ్చును. మన పిల్లలు వాడు .22లో మందు చిటికెడు, గుండు మెత్తని సీసము. దాని గొట్టము పదివేల లెక్కలలో మన్నును. గాలి రైఫిలులో మంటయే లేదు గనుక ఒక ఆటగాని జీవితకాలములో దాని గొట్టము అరుగుట అరుదు. ఆ ముగ్గురు తండ్రులలో ఇద్దరికి ఈ మాటతోనే సగము భయము తీరినది.

ఇక ఉక్కు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును పూర్వము పారశీక వర్తకులు వచ్చి కొనిపోయి కత్తులు చేయించెడివారని మనము గర్వముగా చెప్పుకొందుము. ఆ ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర పాళ్ల వరకు ఉండెడిది. కత్తికి ఆ కాఠిన్యము కావలెను. గొట్టమునకు అది పనికిరాదు. లోపల క్షణములో పుట్టు ఒత్తిడికి గొట్టము పగులక, కొంచెము సాగి తట్టుకొనవలెను. కాబట్టి నేటి గొట్టపు ఉక్కులో కర్బనము నూటికి 0.4 పాళ్లు మాత్రమే. దానిలో సుమారు ఒక పాలు క్రోమియము, అయిదవ వంతు పాలు మాలిబ్డినము కలుపుదురు. కర్మాగారముల వారు దీనిని 4140 అందురు. రెండవది స్టెయిన్‌లెస్ రకము. దీనిలో క్రోమియము 12 నుండి 14 పాళ్లు. కోతకు అనుకూలముగా కొంచెము గంధకము కూడ కలిసియుండును. లోపలి గోడ నున్నగా వచ్చును. గొంతు కాలుట కొంత ఆలస్యమగును. పోటీ గొట్టములు పెక్కు దీనితోనే చేయుదురు. పేరు చూచి దీనికి తుప్పు పట్టదని మాత్రము నమ్మరాదు. వంటింటి గిన్నెల ఉక్కు వేరు, ఇది వేరు. విశాఖపట్టణపు ఉప్పుగాలిలో తుడువక వదలిన స్టెయిన్‌లెస్ గొట్టముపై ఎఱ్ఱని చుక్కలు నేనే చూచితిని.

లోపల క్రోమియము పూత పూసిన గొట్టములు కూడ కలవు. తేమను, వేడిని తట్టుకొనుటలో వానికి సాటి లేదు. 1939 నాటి జపాను రైఫిలునకు ఈ పూత ఉండెడిది. అమెరికా వారు 1960లలో వియత్నామునకు పంపిన మొదటి ఎం-16 రైఫిళ్లకు ఈ పూత లేదు. దానికితోడు, ఈ తుపాకిని తుడువ నక్కరలేదన్నట్లు తుడుపు సామగ్రి కూడ సరిగా పంపలేదు. మందు రకము కూడ మార్చినారు. ఆ తడి అడవులలో తూటా గదులు తుప్పుపట్టి, కాలిన తూటా డొల్లలు ఇరుకుకొని, యుద్ధము నడుమ తుపాకులు మొరాయించినవి. తుపాకి విప్పుకొని కూర్చున్నచోటనే ప్రాణములు విడిచిన సైనికులు కలరు. 1967లో వారి ప్రతినిధుల సభా సంఘమొకటి విచారణ జరిపినది. అదే సంవత్సరము గదికి, తరువాత గొట్టమంతటికి పూత వచ్చినది. పోటీ రైఫిలునకు మాత్రము ఈ పూత వలదందును. పూత మందము అంతటను ఒక్కటే ఉండునట్లు చేయుట కష్టము. సైనికునకు కావలసినది నమ్మకము, ఆటగానికి కావలసినది వెంట్రుకలో పదవ వంతు.

గాడులు చేయు పద్ధతులను గురించి దుకాణదారులు గంటలకొలది చెప్పుదురు. సంక్షేపముగా చెప్పినచో: ఒక చిన్న కొక్కెపు ఉలితో అంగుళములో వేల వంతుల చొప్పున చెక్కుట పాతపద్ధతి. గట్టి లోహపు బొడిపెను గొట్టములో దూర్చి లాగి గాడులను అదుముట రెండవది. లోపల అచ్చు పెట్టి బయటనుండి యంత్రపు సుత్తులతో మోదుట మూడవది. మూడింటితోను ఉత్తమమైన గొట్టములు వచ్చినవి, మూడింటితోను చెత్త గొట్టములు వచ్చినవి. అదిమినపుడు, మోదినపుడు ఉక్కులో బిగువు నిలిచిపోవును. దానిని కొలిమిలో నెమ్మదిగా వెచ్చబెట్టి తీర్చవలెను. తీర్చనిచో, పది గుండ్లు కాల్చి గొట్టము వెచ్చబడగానే అది ఒక ప్రక్కకు ఒరుగును, గుండ్లు వరుసగా ఒక దిక్కునకు నడచిపోవును. కావున పద్ధతి పేరు అడుగుటకంటె, బిగువు తీర్చినారా, లోపల సీసపు కడ్డీతో సానపట్టినారా అని అడుగుట మేలు.

పొడవైన గొట్టము గురిగా కొట్టునని పల్లెటూరి నమ్మకము. నిజము కాదు. .22 తూటాలోని చిటికెడు మందు 16, 18 అంగుళములలోనే తన పని ముగించును. అంతకుమించిన పొడవువలన ముందు గురికి, వెనుక గురికి నడుమ దూరము పెరిగి చూపు కుదురుట తప్ప వేగము పెరుగదు. గురికి మేలుచేయునది లావు. కాల్చినపుడు గొట్టము వీణతీగవలె కంపించును. 26 అంగుళముల గొట్టము కొన మిల్లీమీటరులో పదవ వంతు ప్రక్కకు ఒరిగినచో 50 మీటర్ల దూరమున గుండు ఏడున్నర మిల్లీమీటర్లు తప్పును. అచ్చట పది మార్కుల వలయము వ్యాసము 10.4 మిల్లీమీటర్లు మాత్రమే! గొట్టము బిగువు దాని వ్యాసము యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. అనగా లావు నూటికి పది పాళ్లు పెంచినచో బిగువు ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును. అయితే మోయవలసినది పదునాలుగేండ్ల పిల్ల అని కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. ఇంకొకటి. గొట్టము తన మొదలు వద్ద తప్ప చెక్కను ఎచ్చటను తాకరాదు. ఒక కాగితమును గొట్టమునకు, చెక్కకు నడుమ దూర్చి లాగి చూడుడు. ఆగిన చోట చెక్క తగులుచున్నదని అర్థము. మన వానకాలములో చెక్క ఉబ్బును. వేసవిలో తాకనిది శ్రావణములో తాకవచ్చును.

ఇప్పుడు మూతి అంచు. మిస్త్రీలు దీనిని క్రౌను అందురు. గుండు గొట్టమును విడచు ఆ ఒక్క క్షణమున దాని వెనుకనున్న వాయువు చుట్టును సమముగా బయటపడవలెను. అంచున ఒకచోట గీత పడినను, నొక్కు పడినను, అరగినను, వాయువు ఆ ప్రక్కగా ముందు దూకి గుండు మడమను త్రోయును. మంచి గొట్టపు తయారీదారులు ఈ అంచును కొంచెము లోపలికి దించి కాపాడుదురు. పాత రైఫిలు కొనువారు మొట్టమొదట చూడవలసినది ఇదియే. ఒక పుల్లకు దూదిపింజె చుట్టి, అంచుమీదుగా లోపలినుండి బయటకు మెల్లగా లాగుడు. పింజె పోగు తగులుకొన్న చోట అంచు లేచియున్నదని తెలియును. పిమ్మట బోల్టు తీసివేసి, గొట్టమును కిటికీ వెలుతురునకు పట్టి చూడుడు. లోపల ఉంగరమువలె నల్లని నీడ కనబడినచో, ఏదియో అడ్డుండగా ఎవరో కాల్చినందున గొట్టము అచ్చట ఉబ్బినదన్నమాట. అట్టిది ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. చూడక ముందు, తుడువక ముందు, ఎవరు ఏమి చెప్పినను, తూటా గది ఖాళీగా నున్నదో లేదో స్వయముగా కన్నుతోను వ్రేలితోను చూచుకొనవలెను. తుపాకికి లైసెన్సు కావలెననియు, మరమ్మతు కూడ 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద అనుమతి పొందిన మిస్త్రీచేతనే చేయించవలెననియు వేరుగా చెప్పనక్కరలేదు.

చూపునకు అన్నియు బాగున్నను తుది తీర్పు కాగితము మీదనే. ఇసుక సంచిమీద ఆనించి కాల్చి చూడవలెను. అమ్మువాడు మూడు గుండ్లు ఒకే రంధ్రములో పడిన కాగితము చూపించును. మూడు గుండ్లు ఎవరికైనను ఒకనాడు కలిసివచ్చును. పదేసి గుండ్ల చొప్పున అయిదు కాగితములు అడుగుడు. ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క తూటా నచ్చును. అదే కంపెనీ, అదే పెట్టె పేరు, తయారీ సంఖ్య మాత్రము వేరైనను ఫలితము మారును. అందుకే అంతర్జాతీయ ఆటగాండ్రు తమ రైఫిళ్లను తూటా కర్మాగారములకే తీసికొనిపోయి, పలు సంఖ్యలు పరీక్షించి, నచ్చినదానిని సంవత్సరమునకు సరిపడ కొందురు. మనము అంత చేయలేకపోయినను, నాలుగు రకములు కొద్దికొద్దిగా తెచ్చి చూచుకొనవచ్చును.

ఇక తుడుపు. దీనినిగూర్చి కొంచెము విపులముగా చెప్పుటకు శ్రోతలు అనుమతింతురు గాక. ఎల్లప్పుడు వెనుకనుండి ముందుకే తుడువవలెను. బోల్టు తీసి, ఆ చోట కడ్డీకి దారిచూపు గొట్టపు ముక్క ఒకటి పెట్టి, దానిగుండ కడ్డీని పంపవలెను. కడ్డీ ఒకటే ముక్కగా ఉండవలెను. మరలతో కలిపిన మూడుముక్కల కడ్డీ వంగి ప్రతి అతుకు వద్ద గట్లను గీరును. తడి గుడ్డ ముక్క మూతి దాటి బయటకు రాగానే దానిని తీసివేయవలెను. మసిగుడ్డను మరల లోనికి లాగుట ఇల్లు ఊడ్చిన చెత్తను మరల ఇంటిలోనికి ఊడ్చుటయే. ఇత్తడి కుంచెను మూతి బయటకు పంపి, అంచుమీదుగా విసురుగా వెనుకకు లాగరాదు. పూర్వము సైనికులు వాడిన పుల్‌త్రూ అను బరువు కట్టిన త్రాడు చిన్నదే, చెక్కలోని అరలో ఇమిడిపోవును. కాని ఇసుక అంటిన ఆ త్రాడును ఏటవాలుగా లాగి లాగి అంచులో గాడి కోసిన తుపాకులు వేలకొలది. నూతి గిలక లేనిచోట చేదత్రాడు రాతిని కోయుట మన ఊళ్లలో చూడలేదా?

.303 కాలమున ఇంకొక ఆచారముండెడిది. ఆనాటి తూటా అడుగున నిప్పుపుట్టించు మందులో పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది కాలిన తరువాత మిగులునది ఉప్పువంటి పదార్థము. అది గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రే గొట్టమును తుప్పుపట్టించును. నూనె ఉప్పును కరగింపదు. నీరు కరగించును. అందుకని సైనికులు కాల్పులు ముగియగానే గరాటుతో మరుగునీరు గొట్టములో పోసెడివారు. ఉప్పు కరగిపోవును, ఉక్కు వేడెక్కి తానే ఆరును, పిమ్మట నూనె. నేటి తూటాలలో ఆ ఉప్పు లేదు. కాని .22 తూటాలు కొన్నిటిలో రాపిడి కొరకు సన్నని గాజుపొడి కలుపుదురు. అదియు, మసియు కలిసి తూటా గదికి ముందు గట్టి ఉంగరముగా పేరుకొనును. ఖచ్చితత్వము సడలినపుడు మొదట వెదకవలసిన దొంగ అదే. కరగించు ద్రవముతో తడిపిన గుడ్డను అచ్చట కొంతసేపు నాననిచ్చి, కంచు కుంచెను నాలుగుసార్లు పంపినచో వదలును.

ఎన్ని గుండ్లకు ఒకమారు తుడువవలెననగా పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు. సీసపు గుండ్లపై మైనపు పూత ఉండును. అది గొట్టము లోపల పలుచగా పరచుకొన్న తరువాతనే గుండ్లు కుదురును. తళతళలాడునట్లు తుడిచిన గొట్టము మొదటి పది, పదునైదు గుండ్లను చెదరవేయును. పోటీనాటి ఉదయమున తుడుచుట అందుచేత అవివేకము. రాగి కవచపు గుండ్లు కాల్చు పెద్ద రైఫిలునకు లెక్క వేరు. రాగి పేరుకొనును. దానిని కరగించు అమోనియా ద్రవమును చెప్పిన వేళకు మించి లోపల ఉంచినచో ఉక్కునకే ముప్పు. గాలి రైఫిలులో నూనె పోయవలదు. మెత్తని ఉన్ని గుళికలు కొన్ని పంపిన చాలును. ఏ రైఫిలైనను కాల్చుటకు ముందు గొట్టములోని నూనెను పొడిగుడ్డతో తీసివేయవలెను. గొట్టము నిండ నూనె, మరచిన గుడ్డముక్క, మూతిలో చేరిన మట్టి, ఇవన్నియు గుండునకు అడ్డుగోడలే. ఉబ్బుటయో, పగులుటయో జరుగును. తుపాకి వెనుకనున్నది మన బిడ్డ మొగము.

ఇంటిలోని కొబ్బరినూనె పూయవచ్చునా అని ఒక గృహిణి అడిగినది. పూయరాదు. మంచినూనె, కొబ్బరినూనె వంటివి గాలికి మారి జిగురుగా గట్టిపడును. కిరసనాయిలు మురికిని వదలించును గాని, ఆరిన తరువాత కాపుదల ఏమియు మిగల్చదు. తుపాకులకని అమ్ము ఖనిజపు నూనె చిన్న సీసా ఏడాది వచ్చును. తోలు ఒరలోను, ఉన్ని సంచిలోను దాచరాదు. అవి తేమను పీల్చి పట్టుకొని గొట్టమునకు పూయును. ఏ.సి. గదినుండి వానకాలపు గాలిలోనికి తెచ్చిన తుపాకి, మంచుపట్టిన మజ్జిగ గ్లాసువలె చెమర్చును. దానిని పెట్టెలో మూయక, కొంతసేపు బయట ఉంచి తుడిచి దాచవలెను. తాళమున్న ఇనుప బీరువాలో సిలికా గుళికల సంచి ఒకటి వ్రేలాడదీసి, వాని రంగు మారినపుడు వెచ్చబెట్టి మరల వాడవచ్చును. వ్రేళ్ల చెమటలో ఉప్పుండును. తాకినవారు తుడిచి పెట్టవలెను. ఒక నోటుపుస్తకము పెట్టుకొని ఏనాడు ఎన్ని గుండ్లు కాల్చినారో, ఏ తూటాయో, ఏనాడు తుడిచినారో వ్రాయించుడు. పిల్లలకు ఇది విసుగు. అయినను వ్రాయించుడు.

మా కళాశాలలో అట్టి పుస్తకము లేదు. ఆ మరుసటి వేసవిలో పాత ఆర్మరరు హవల్దారొకడు మా రైఫిళ్లను తనిఖీ చేయ వచ్చినాడు. మూడవదాని మూతిలోనికి ఒక్క చూపు చూచి, జేబులోనుండి దూదిపుల్ల తీసినాడు. మూతి అంచు ఒక ప్రక్కన కోడిగ్రుడ్డువలె అరగియుండెను. ఏడాదిపాటు మా కుఱ్ఱవాండ్రు, నా కన్నుల ఎదుటనే, ఉక్కు కడ్డీని మూతినుండి దూర్చి శ్రద్ధగా తుడిచినారు. “పిల్ల చేతిలో దోషం లేదండీ, తుపాకి మూతిలో ఉంది,” అన్నాడతడు. తన కర్మశాలకు తీసికొనిపోయి, మూతిని వ్రేలి వెడల్పున కోసి, కొత్త అంచు త్రిప్పి, పది దినములలో తెచ్చి ఇచ్చినాడు.

ఆమె అప్పటికి పరీక్షలు వ్రాసి కళాశాల విడిచినది. కబురు చేసితిని. తన అన్నగారి సైకిలు మీద వచ్చినది. ఆ రైఫిలుతోనే పది గుండ్లు కాల్చినది. కాగితము తెచ్చి నా బల్లమీద పెట్టినది. రూపాయి బిళ్లను దానిపై ఉంచి చూచితిని. పదింటిలో ఒక్క రంధ్రమైనను బిళ్ల అంచు దాటి కనబడలేదు. “మీరు కేకలేసినందుకు కాదు మాస్టారూ, మీరూ ఒకసారి కాల్చి చూస్తే బాగుండేది,” అన్నది. ఆ కాగితము నాయొద్ద నేటికిని కలదు.